తిరుపతి ఎండల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్: మే నెలకు తట్టుకునేలా చేసే పద్ధతి

డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించడం, అంటే ఓవర్‌క్లాకింగ్, ఈ రోజుల్లో పెద్ద కష్టమేమీ కాదు. బయాస్ (మదర్‌బోర్డు అమరికలు మార్చే తెర) లోకి వెళ్ళి రెండు మూడు అంకెలు మారిస్తే కంప్యూటర్ ఆ కొత్త వేగంతోనే ఆన్ అవుతుంది. కష్టమంతా ఆ వేగాన్ని ఏడాది పొడవునా, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా, వేడి హద్దు మీరకుండా, మధ్యలో ఆగిపోకుండా నిలబెట్టుకోవడంలో ఉంది. ఇంటర్నెట్‌లో మనకు కనిపించే ఓవర్‌క్లాకింగ్ ఫలితాలు చాలావరకు ఇరవై, ఇరవై రెండు డిగ్రీల చల్లని గదుల్లో రాబట్టినవి. తిరుపతిలో మిద్దె మీది గదిలో మే నెల సాయంత్రం కొలిచి చూస్తే 37, 38 డిగ్రీలు కనిపించడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకునే ఈ ప్రాంతంలో ఓవర్‌క్లాకింగ్ చేయదలచినవారు, జనవరి రాత్రి ఎంత వేగం అందిందన్నది పక్కన పెట్టి, మే నెల సాయంత్రం ఎంత వేగం నిలుస్తుందో ముందే లెక్క వేసుకోవాలి.

ఇది ఎవరికి అవసరమో కూడా మొదటే చెప్పడం మంచిది. ఆటలు ఆడేవారిలో చాలామందికి గ్రాఫిక్స్ కార్డే అడ్డుపడుతుంది కాబట్టి ప్రాసెసర్ వేగం అయిదారు శాతం పెరిగినా తెర మీద తేడా తెలియదు. ప్రాసెసర్ మీదే గంటల తరబడి ఎన్‌కోడింగ్ చేసే వీడియో స్టూడియోలకు, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో సీపీయూ రెండరింగ్ పెట్టుకునే విద్యార్థులకు, పెద్ద ప్రోగ్రాములను రోజూ కంపైల్ చేసేవారికి ఆ శాతం నిజంగా సమయాన్ని మిగులుస్తుంది. అయితే మన ఊళ్ళో ఒక చిక్కుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ముహూర్తాలు ఎక్కువ కాబట్టి పెళ్ళి వీడియోల పని మీద పడేదీ అప్పుడే, గది కొలిమిలా మారేదీ అప్పుడే. చల్లని నెలల్లో మాత్రమే పనిచేసే ఓవర్‌క్లాక్ ఆ స్టూడియోకు సరిగ్గా అవసరమైన రోజునే చేతులెత్తేస్తుంది.

ముందుగా వేడి లెక్క

గాలితో పనిచేసేదైనా నీటితో పనిచేసేదైనా, ఏ కూలరైనా ప్రాసెసర్‌లో పుట్టిన వేడిని చివరికి గదిలోని గాలికే అప్పగిస్తుంది. అందుచేత పని ఒకటే, వాడే విద్యుత్తు ఒకటే, ఫ్యాన్ వేగం ఒకటే అయినప్పుడు ప్రాసెసర్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత కంటే దాదాపు ఒకే అంతరంతో పైన ఉంటుంది. జనవరి రాత్రి గది 24 డిగ్రీలున్నప్పుడు పూర్తి భారం మీద కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) 78 డిగ్రీలు చూపిస్తే అంతరం 54. అదే అంతరాన్ని 37 డిగ్రీల గదికి కలిపితే 91 వస్తుంది. నిజానికి అంతకంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే సిలికాన్ వేడెక్కేకొద్దీ ట్రాన్సిస్టర్ల గుండా వృథాగా కారిపోయే లీకేజీ కరెంటు పెరుగుతుంది, ఆ కరెంటు మళ్ళీ వేడిగానే మారుతుంది.

ఇంటెల్ 12, 13, 14 తరాల కె శ్రేణి (పేరులో కె అక్షరం ఉన్న) ప్రాసెసర్లకు ఉష్ణోగ్రత హద్దు 100 డిగ్రీలు. ఏఎండీ సంస్థ రైజెన్ 7000 శ్రేణిలో ఎక్స్3డీ రకానికి 89, మిగిలినవాటికి 95. రైజెన్ 7 5800ఎక్స్‌కు 90. ఆ హద్దును తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి వెంటనే కాలిపోయే ప్రమాదం లేదు. కానీ మీరు పెంచిన వేగం మీకు దక్కదు, పైగా ఎక్కువ వోల్టేజీ, ఎక్కువ వేడి కలిసి దీర్ఘకాలంలో చిప్పులోని సన్నని లోహపు దారులను అరగదీస్తాయి. నేను 85 డిగ్రీల దగ్గర గీత గీసుకోమంటాను. 85 లోంచి మే నెల గది వేడి 37 తీసివేస్తే 48 మిగులుతుంది. ఆ 48ని ఈరోజు మీ గదిలో ఉన్న ఉష్ణోగ్రతకు కలపండి. గది 24 అయితే 72, గది 30 అయితే 78. ఈరోజు పరీక్షలో కోర్ ఆ అంకె దాటకూడదు. పూర్తి భారం మీద 72 డిగ్రీలే చూపిస్తోంది కదా, ఇంకా చాలా చోటుంది అనిపించడం సహజం, కానీ ఆ చోటు వేసవిది.

ఇందుకోసం ఒక మామూలు గది థర్మామీటర్ కొని, క్యాబినెట్ ముందు భాగంలో గాలి లోపలికి వెళ్ళే చోట పెట్టండి. ఫోనులోని వాతావరణ యాప్ చెప్పేది ఊరి వేడి, మీ గది వేడి కాదు. పైకప్పు స్లాబు పగలంతా పీల్చుకున్న ఎండను రాత్రి 8, 9 గంటలకు కూడా గదిలోకి దింపుతూనే ఉంటుంది కాబట్టి, బయట చల్లబడినా పైఅంతస్తు గది చల్లబడదు. మీరు కంప్యూటర్ ముందు కూర్చునేది ఆ వేళలోనే అయితే కొలతలన్నీ ఆ వేళలోనే తీయండి. మదనపల్లె వంటి ఎత్తైన ఊళ్ళలో ఉన్నవారికి మే నెల అంకె తక్కువే వస్తుంది, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు వారు మాత్రం ఒక డిగ్రీ ఎక్కువే వేసుకోవడం క్షేమం.

వోల్టేజీ సంగతి ఎందుకంత ముఖ్యం

ప్రాసెసర్ పని చేస్తూ వాడే విద్యుత్తు వేగంతో పాటు సమంగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. ఉదాహరణకు 4.7 గిగాహెర్ట్జ్ వేగానికి 1.20 వోల్టులు సరిపోతున్న చిప్పుకు 5.0 గిగాహెర్ట్జ్ దగ్గర 1.32 వోల్టులు కావలసి వచ్చిందనుకుందాం. వేగం పెరిగింది 6 శాతం. వోల్టేజీ 10 శాతం పెరిగింది కాబట్టి దాని వర్గం 21 శాతం పెరిగింది. రెండూ కలిపితే విద్యుత్తు దాదాపు 29 శాతం ఎక్కువ. అంటే 130 వాట్లు వాడుతున్నది 167 వాట్ల దగ్గరికి చేరుతుంది. కూలర్ మారకపోతే అంతరం కూడా అదే నిష్పత్తిలో పెరిగి, 48 ఉన్నది 62కు చేరువవుతుంది. చివరి 200, 300 మెగాహెర్ట్జ్ కోసం చేసే పట్టుదల మన వాతావరణంలో దండగ అని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఈ లెక్కే.

మొదలుపెట్టే ముందు

ఇంటెల్‌లో కె అక్షరం ఉన్న ప్రాసెసర్, దానికి జెడ్690, జెడ్790 వంటి జెడ్ శ్రేణి చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు కావాలి. బి660, బి760 బోర్డుల మీద మెమరీ వేగం పెంచుకోవచ్చు గానీ కోర్ మల్టిప్లయర్ (కోర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచడానికి వీలుండదు. ఏఎండీలో రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ తెరిచే ఉంటాయి, బోర్డు మాత్రం బి550, ఎక్స్570, బి650, ఎక్స్670 వంటిది కావాలి; ఏ520, ఏ620 బోర్డుల మీద ఇది కుదరదు. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న కూలర్‌తో ఈ పనికి దిగవద్దు. ఓవర్‌క్లాకింగ్ వల్ల కలిగే నష్టం తయారీదారు వారంటీ పరిధిలోకి రాదన్న సంగతి కూడా తెలిసే ముందుకు వెళ్ళాలి.

13, 14 తరాల ఇంటెల్ కె ప్రాసెసర్ ఉన్నవారు ఒక పని తప్పనిసరిగా ముందే చేయాలి. ఈ చిప్పులు కొన్ని పరిస్థితుల్లో అవసరానికి మించిన వోల్టేజీ అడిగి క్రమంగా దెబ్బతింటున్నాయని తేలిన తరువాత ఇంటెల్ 2024 ఆగస్టులో వోల్టేజీని 1.55కు పరిమితం చేసే మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్‌ను లోపలి నుంచి నడిపే చిన్న ప్రోగ్రామును), ఆ తరువాత మరికొన్ని సవరణలను విడుదల చేసింది, వారంటీని కూడా రెండేళ్ళు పొడిగించింది. బోర్డు తయారీదారు ఇచ్చిన తాజా బయాస్ వేసుకోకుండా అటువంటి చిప్పు మీద ఏ అంకె మార్చవద్దు. అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఆ సవరణ బాగుచేయలేదు. రైజెన్ 7000 వాడేవారికీ ఇలాంటిదే ఒకటి ఉంది: 2023లో కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు అందేదానిని) మరీ ఎక్కువ పెట్టడం వల్ల ప్రాసెసర్లు కాలిన సంఘటనల తరువాత ఏఎండీ దానిని 1.3 వోల్టులకు పరిమితం చేసింది. బయాస్ మార్చేటప్పుడు కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు కాబట్టి ఆ పని యూపీఎస్ మీద, గాలివాన సూచనలు లేని పూట చేయండి.

ఆ తరువాత ఏ మార్పూ చేయకుండా ఉన్నదున్నట్టు కొలవండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో64లో సెన్సర్ల పట్టిక తెరిచి, సినీబెంచ్ ఆర్23లోని పది నిమిషాల మల్టీకోర్ పరీక్ష నడిపి, అన్నిటికంటే వేడిగా ఉన్న కోర్ ఉష్ణోగ్రత, ప్యాకేజీ వాట్లు (ప్రాసెసర్ మొత్తం వాడే విద్యుత్తు), కోర్ వోల్టేజీ, స్కోరు, గది వేడి ఒక కాగితం మీద రాసుకోండి. తరువాత క్యాబినెట్ పక్క తలుపు తీసి అదే పరీక్ష మళ్ళీ నడపండి. తలుపు తీసినందుకే అయిదు డిగ్రీలకు మించి తగ్గితే లోపం కూలర్‌ది కాదు, గాలి రాకపోకలది. దానిని సరిచేయకుండా వేగం పెంచడం వృథా.

ఇంటెల్ ప్రాసెసర్ అయితే

కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ మీట నొక్కి బయాస్‌లోకి వెళ్ళండి. మొదట మెమరీని ఎక్కువ వేగంతో నడిపించే ఎక్స్ఎంపీ అమరికను తీసివేయండి, ఎందుకంటే మెమరీ, కోర్ రెండూ ఒకేసారి హద్దుల దగ్గర నడుస్తుంటే తప్పు ఎక్కడ వచ్చిందో తెలియదు. ఐ5-12600కెను ఉదాహరణగా తీసుకుందాం. దీని పెర్ఫార్మెన్స్ కోర్లు (వేగవంతమైన పెద్ద కోర్లు) గరిష్ఠంగా 4.9 గిగాహెర్ట్జ్ అందుకున్నా, ఆరూ కలిసి పనిచేసేటప్పుడు 4.5 దగ్గర ఉంటాయి. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ (దీనిని మల్టిప్లయర్‌తో గుణిస్తే కోర్ వేగం వస్తుంది), దానిని ముట్టుకోవద్దు. పెర్ఫార్మెన్స్ కోర్ల మల్టిప్లయర్‌ను 47 చేసి, కోర్ వోల్టేజీని 1.20కు స్థిరంగా పెట్టి, విండోస్‌లోకి వెళ్ళి సినీబెంచ్ నడపండి. నిలబడితే మల్టిప్లయర్ 48, మళ్ళీ పరీక్ష. ఆగిపోతే వోల్టేజీ 0.02 పెంచి మళ్ళీ పరీక్ష. ఒక్కసారికి ఒక్క అంకె మాత్రమే మార్చాలి. ఈ ఓపిక లేకుండా రెండు మూడు కలిపి మార్చినవారికి ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో చివరికి తెలియదు. ఈరోజు గదికి లెక్క వేసుకున్న ఉష్ణోగ్రత దాటిన చోట ఒక మెట్టు కిందికి దిగి ఆగండి. వోల్టేజీ గురించి నా సలహా ఏమిటంటే, ఈ తరం చిప్పుకు రోజువారీ వాడకంలో 1.30 దాటవద్దు, ఆ లోపు రాని వేగం మీ చిప్పుకు రాసిపెట్టి లేదనుకోండి.

భారం పడినప్పుడు వోల్టేజీ కొద్దిగా కుంగుతుంది, భారం తొలగినప్పుడు తిరిగి లేస్తుంది. ఆ కుంగుబాటును సరిచేసే అమరిక పేరు లోడ్ లైన్ క్యాలిబ్రేషన్. దీనిని అత్యధిక స్థాయిలో పెడితే కుంగుబాటు పోతుంది గానీ భారం తొలగిన క్షణంలో వోల్టేజీ మీరు పెట్టిన అంకె దాటి పైకి ఎగురుతుంది, అది చిప్పుకు మంచిది కాదు; మధ్య స్థాయి చాలు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అసూస్ బోర్డుల్లో స్థాయి అంకె పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, ఎంఎస్ఐ, అస్‌రాక్ బోర్డుల్లో 1వ స్థాయే అన్నిటికంటే బలమైనది. ఒక బోర్డు కోసం చెప్పిన అంకెను మరొక బోర్డులో గుడ్డిగా పెట్టేస్తే ఫలితం తలకిందులవుతుంది.

పవర్ లిమిట్ల విషయం చాలామంది పట్టించుకోరు. 12600కెకు ఇంటెల్ చెప్పిన గరిష్ఠ టర్బో విద్యుత్తు 150 వాట్లు, కానీ కొన్ని బోర్డులు ఆ పరిమితిని ఎత్తివేసి అమ్మకానికి వస్తాయి. మీ కూలర్ మే నెలలో మోయగలిగిన వాట్లు ఎన్నో పైన చెప్పిన కొలతల కాగితంలోంచే తేలుతుంది: అందులోని ప్యాకేజీ వాట్లను 48తో గుణించి, ఆనాటి అంతరంతో భాగించండి. ఆ అంకెనే పరిమితిగా పెట్టండి. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ ఎంత భారం వేసినా వేడి అదుపు తప్పదు. చాలా బోర్డుల్లో ఉష్ణోగ్రత పరిమితిని కూడా 100 నుంచి తగ్గించుకునే వీలుంటుంది, దానిని 90 చేస్తే రెండో కాపలా ఉన్నట్టు.

రైజెన్ అయితే

రైజెన్ స్వభావం వేరు. అన్ని కోర్లకూ కలిపి ఒకే స్థిర వేగం పెడితే ఒంటికోర్ పనిలో అది తనంతట అందుకునే ఎక్కువ వేగం పోతుంది, అందుచేత ఆ పద్ధతి నేను చెప్పను. ప్రాసెసర్ తనే వేగం పెంచుకునే హద్దులను సడలించే ప్రిసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ను అడ్వాన్స్‌డ్‌లో పెట్టి, కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ నెగటివ్ 10తో మొదలుపెట్టండి. దీనివల్ల ఒక్కొక్క వేగానికి ప్రాసెసర్ అడిగే వోల్టేజీ తగ్గుతుంది, అదే వేడి హద్దులో ఎక్కువ వేగం దొరుకుతుంది. వోల్టేజీ తగ్గిస్తూనే వేగం సంపాదించే ఈ మార్గం ఎండ ప్రాంతాల వారికి వరం వంటిది, కొత్తగా యంత్రం కొనేవారికి నేను రైజెన్‌ను సూచించడానికి ఇదీ ఒక కారణం. 10 నిలబడితే 15, ఆ తరువాత 20. అక్కడే ఉన్న ప్లాట్‌ఫాం థర్మల్ లిమిట్‌ను 85 చేయండి. రైజెన్ 7000లోని ఎక్స్ రకం ప్రాసెసర్లు, కూలర్ ఎంత మంచిదైనా, భారీ పని మీద 95 దాకా తమంతట తామే ఎక్కేలా రూపొందాయి కాబట్టి వాటిని 85 దగ్గర ఆపేది ఇంతకుముందు వేసిన లెక్క కాదు, ఈ పరిమితే.

కర్వ్ ఆప్టిమైజర్ పెట్టిన యంత్రం సినీబెంచ్‌లో గంట నిలిచి, బ్రౌజర్ తెరిచినప్పుడో, ఖాళీగా ఉన్నప్పుడో ఉన్నట్టుండి రీస్టార్ట్ కావచ్చు. ఒక్క కోర్ మీద తేలికైన పని పడినప్పుడే అది అత్యధిక వేగానికి వెళుతుంది, వోల్టేజీ చాలనిది అప్పుడే. కోర్‌సైక్లర్ అనే ఉచిత సాధనం ఒక్కొక్క కోర్‌నూ విడిగా పరీక్షిస్తుంది. దానిని రాత్రంతా నడిపి, తప్పు చూపిన కోర్ ఒక్కదానికే నెగటివ్ అంకెను 5 తగ్గించి (నెగటివ్ 20 ఉంటే నెగటివ్ 15 చేసి), మిగిలినవాటిని అలాగే ఉంచండి.

నిలకడ పరీక్ష

సినీబెంచ్ పది నిమిషాలు నిలిచిందంటే పరీక్ష మొదలైందనే అర్థం. ఆ తరువాత వై-క్రంచర్ లేదా ఓసీసీటీ ఒక గంట, ఆపైన మీరు రోజూ చేసే అసలు పని మూడు నాలుగు గంటలు నడపాలి. ప్రైమ్95లోని స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష ఏవీఎక్స్ అనే భారీ గణిత ఆదేశాలతో పుట్టించే వేడి మామూలు పనిలో ఎప్పుడూ రాదు, కాబట్టి ఎండాకాలంలో దానిని గంటల తరబడి నడపడం అనవసరం.

నీలి తెర వచ్చినా, రాకపోయినా విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో వీయా లాగర్ (WHEA-Logger) పేరుతో హెచ్చరికలు ఉన్నాయేమో చూడండి. ప్రాసెసర్ తప్పు చేసి తనే దిద్దుకున్న ప్రతిసారీ అక్కడ ఒక వరుస చేరుతుంది. అటువంటివి కనిపిస్తున్నప్పుడు యంత్రం బాగానే నడుస్తోందని సరిపెట్టుకుంటే, రేపు ఒక పెళ్ళి వీడియో ఫైలు చెడిపోయాక గానీ సంగతి తెలియదు. నీలి తెర మీద క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ అని వస్తే చాలాసార్లు వోల్టేజీ చాలలేదనే అర్థం. అంకెలు మరీ ఎక్కువై తెరే రాకపోతే కంగారు పడనక్కరలేదు. ప్లగ్గు తీసి, బోర్డు మీది గుండ్రని సీఆర్2032 బ్యాటరీని అయిదు నిమిషాలు తీసి పెడితే బయాస్ మొదటి స్థితికి వస్తుంది.

గది, దుమ్ము, కరెంటు

మన ఇళ్ళలోని కంప్యూటర్ టేబుళ్ళకు అడుగున మూడు వైపులా మూసిన అర ఒకటి ఉంటుంది, క్యాబినెట్ అందులో సరిగ్గా పట్టేలా. వెనుక నుంచి బయటికి వచ్చిన వేడిగాలి ఆ అరలోనే తిరిగి ముందు నుంచి లోపలికి వెళుతుంది. క్యాబినెట్‌ను బయటికి తీసి, నేలకు కొంచెం ఎత్తుగా, గోడకు జానెడు దూరంలో పెట్టండి. ఖర్చు లేకుండా ఉష్ణోగ్రత తగ్గించే మార్గం ఇంతకంటే మరొకటి లేదు. గదిలో పెట్టుకునే నీళ్ళ ఎయిర్ కూలర్ గదిని చల్లబరుస్తుంది కాబట్టి మంచిదే, కానీ దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టకూడదు. తుంపరలతో పాటు వచ్చే బోరు నీటి లవణాలు బోర్డు మీద తెల్లగా పేరుకుంటాయి.

హీట్‌సింక్‌ను (కూలర్‌లోని లోహపు రేకుల భాగాన్ని) పైనుంచి చూసి శుభ్రంగా ఉందనుకోవద్దు. ఫ్యాన్ క్లిప్పులు ఊడదీసి ఫ్యాన్‌ను పక్కకు తీస్తే, రేకుల ముందు అంచు మీద దుమ్ము, నూలు పోగులు, అగరుబత్తి పొగ జిగురు కలిసి గుడ్డముక్కలా పొరగా అతుక్కుని కనిపిస్తుంది. దానిని మెత్తని బ్రష్‌తో ఒక మూల నుంచి లేపితే చాలా భాగం ఒకే ముక్కగా ఊడి వస్తుంది. తరువాత బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకపోతే హద్దు మీరిన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. ఈ పని వేసవి మొదలయ్యే ముందు ఒకసారి, వేసవి మధ్యలో ఒకసారి చేయండి.

థర్మల్ పేస్ట్ మార్చడానికి ఏఎం4 సాకెట్ కూలర్ తీసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎండిన పేస్ట్ జిగురులా పట్టి ఉంటుంది; నేరుగా పైకి లాగితే గొళ్ళెం వేసి ఉన్నా ప్రాసెసర్ పిన్నులతో సహా కూలర్‌కు అంటుకుని సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు ఏదైనా భారమైన పని నడిపి పేస్ట్ వేడెక్కిన తరువాత కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ పట్టు వదిలాకే ఎత్తాలి.

యూపీఎస్ మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. ఇళ్ళలో ఉండే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్ల లోపే ఇవ్వగలవు. గ్రాఫిక్స్ కార్డు, మానిటర్‌తో పాటు ప్రాసెసర్ కూడా మరో నలభై వాట్లు ఎక్కువ తాగుతుంటే, కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ ఆదుకోకుండా తనే ఆగిపోతుంది. ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు విద్యుత్తు అందించే పెట్టె) మంచి సంస్థది కాకపోయినా, మూడో పిన్నుకు సరైన ఎర్తింగ్ లేకపోయినా ముందు వాటిని సరిచేసుకోండి.

అన్నీ కుదిరాక బయాస్‌లో రెండు ప్రొఫైళ్ళు దాచుకోండి. ఒకటి లెక్క ప్రకారం మే నెలకు సరిపోయేది. ఉగాది వెళ్ళగానే దానిని పెట్టి, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేదాకా అలాగే ఉంచండి. రెండోది 100, 200 మెగాహెర్ట్జ్ ఎక్కువ ఉన్న చలికాలపుది. ఎక్స్ఎంపీని లేదా రైజెన్ బోర్డుల్లో అదే పని చేసే ఎక్స్‌పోను ఈ దశలోనే తిరిగి పెట్టి, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రి నడిపి, తరువాత కోర్ పరీక్షలు మళ్ళీ ఒకసారి చేయండి. బయాస్ కొత్త వెర్షన్ వేసినప్పుడు దాచిన ప్రొఫైళ్ళు తరచుగా చెరిగిపోతాయి కాబట్టి మల్టిప్లయర్, వోల్టేజీ, లోడ్ లైన్ స్థాయి, వాట్ల పరిమితి, పరీక్షించిన రోజు గది ఉష్ణోగ్రత ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ పక్క తలుపు లోపలి వైపు అతికించి ఉంచండి.